ఎలుక పిండాన్ని గాజుపాత్రలో పెంచి సికిల్ సెల్ ఎలా మొదలవుతుందో చూడవచ్చా?

రాయగడలో ఎమ్మెస్సీ జంతుశాస్త్రం చదువుతున్న ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. ఆమె మేనమామ కొడుకుకు సికిల్ సెల్ ఉంది. అంటే ఎర్రరక్తకణాలు కొడవలిలా వంగిపోయే, వంశపారంపర్యంగా వచ్చే రక్తజబ్బు. ఎలుక పిండాలను తల్లి కడుపు బయట కొన్నాళ్లు పెంచవచ్చని తరగతిలో విన్నారు. అలాంటి పిండంలో ఆ జన్యువును మార్చి, జబ్బు ఎక్కడ మొదలవుతుందో కళ్లతో చూడవచ్చా? ఎన్ని రోజులు చూడవచ్చు? తమ కళాశాలలో ఇందులో కొంతైనా చేయగలరా?

సూటిగా చెబుతాను. పాత్రలో పెంచిన పిండాల్లో జన్యువుల ఉత్పరివర్తనాలను, అంటే జన్యువుల్లో వచ్చిన మార్పులు ఏం చేస్తాయో, చూడవచ్చు, కొన్ని దశాబ్దాలుగా చూస్తూనే ఉన్నారు. కానీ సికిల్ సెల్‌ను మాత్రం అందులో చూడలేరు. ఎలుక పిండం పాత్రలో బతికి ఉండే రోజుల్లో ఆ జన్యువు ఇంకా పనిలోకి దిగి ఉండదు. నేరం జరిగిన రోజు ఊళ్లో లేని మనిషిని సాక్ష్యానికి పిలిచినట్టు అవుతుంది. కళాశాల సంగతికొస్తే, ఎలుక వద్దు, కోడిగుడ్డుతో మొదలుపెట్టండి. దాని వివరం చివర చెబుతాను.

మాది పర్లాకిమిడి. ఇరవై రెండేళ్లు ప్రయోగశాలలో ఎలుక పిండాలు పెంచడమే నా ఉద్యోగం. విరమణ తరువాత ఇంటికి వచ్చాక బరంపురం, గుణుపురం వైపు పిల్లలు అడిగినప్పుడు వెళ్లి పాఠం చెబుతుంటాను. ఈ సికిల్ సెల్ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. మలేరియా పీడించిన ఈ కొండప్రాంతాల్లో ఇది సహజం. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి మాత్రమే సికిల్ జన్యువు వచ్చినవారికి మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుంది కాబట్టి, ఆ జన్యువు తరాలుగా ఇక్కడ నిలిచిపోయింది.

ముందు ఎందుకు కుదరదో చెబుతాను, అందులోనే అసలు పాఠం ఉంది. ఎర్రకణాల్లో ఆక్సిజన్‌ను మోసే ప్రోటీన్ హీమోగ్లోబిన్. అందులో ఆల్ఫా జాతి గొలుసులు రెండు, బీటా జాతి గొలుసులు రెండు ఉంటాయి. సికిల్ సెల్‌లో బీటా గ్లోబిన్ జన్యువులో ఒక్క అక్షరం మారుతుంది. జీఏజీ ఉండవలసిన చోట జీటీజీ వస్తుంది. దానివల్ల గొలుసులో ఆరో స్థానంలో గ్లూటమిక్ ఆమ్లం పోయి వాలీన్ చేరుతుంది. అయితే బీటా జాతిలోనూ వయసును బట్టి మనుషులు మారినట్టు గొలుసులు మారుతాయి. మనిషి పిండం తొలి వారాల్లో ఎప్సిలాన్ గొలుసును వాడుతుంది, ఆ తరువాత పుట్టేదాకా ఎక్కువగా గామాను వాడుతుంది. పుట్టిన తరువాత నెలల మీద గామా తగ్గి బీటా ఆ చోటు తీసుకుంటుంది. అందుకే సికిల్ సెల్ ఉన్న బిడ్డ పుట్టినప్పుడు పుష్టిగానే ఉంటాడు. మీ మేనమామగారిని అడగండి, బాబుకు మొదటిసారి చేతులూ పాదాలూ వాచింది ఎన్నో నెలలో. తొలి ఐదారు నెలల్లో అయి ఉండదు.

ఎలుకకు మధ్యలో గామా మజిలీ లేదు. పిండాన్ని చుట్టి ఉండే సొనసంచిలో పుట్టే తొలి ఎర్రకణాలు పిండపు గ్లోబిన్లతో నిండి ఉంటాయి. పెరిగిన ఎలుకలో ఉండే గ్లోబిన్‌తో కూడిన కణాలు పిండపు కాలేయం నుంచి రక్తంలోకి రావడం సుమారు పన్నెండో రోజున మొదలవుతుంది. మనం పాత్రలో పెంచే పిండం మామూలుగా పదిన్నర రోజుల వయసు దాటదు. ఒకటి రెండు రోజుల తేడాతో బండి వెళ్లిపోతుంది. దానికి తోడు ఎలుక హీమోగ్లోబిన్ మన హీమోగ్లోబిన్‌లా ప్రవర్తించదు. అందుకే 1997లో ఎలుక సొంత గ్లోబిన్ జన్యువులను తీసేసి, మానవ గ్లోబిన్ జన్యువులు పెట్టిన ఎలుకలను తయారుచేశారు. సికిల్ సెల్‌ను చూడాలంటే పెరిగిన అలాంటి ఎలుకను చూడాలి. పిండం చాలదు.

కాబట్టి మొదట అడగవలసింది ఒకటే: ఈ జన్యువు ఏ రోజున, ఏ కణంలో పని మొదలుపెడుతుంది? ఆ రోజు మన పాత్రలో గడిచే రోజుల్లో ఉంటేనే ప్రయోగం. లేకపోతే ఖర్చు దండగ, ఎలుకలు దండగ.

ఇక ఏమి చూడవచ్చో చెబుతాను. పెంపకం రెండు రకాలు. రెండూ ఒకే పేరుతో పిలుస్తారు కానీ కమ్మరి పనికీ కంసాలి పనికీ ఉన్నంత తేడా.

మొదటిది గర్భాశయానికి అతుక్కోక ముందు దశ. జత కట్టిన మర్నాడు ఉదయం ఆడ ఎలుకలో ప్లగ్ (యోనిలో గడ్డకట్టిన వీర్యపు బిరడా) కనిపిస్తే ఆ పూట వయసు అర రోజు అని లెక్క. ఒకటిన్నర రోజుకు రెండు కణాలు, రెండున్నరకు ఎనిమిది, మూడున్నరకు లోపల నీటి గది ఉన్న బ్లాస్టోసిస్ట్. ఇంత ప్రయాణమూ ఒక చిన్న మీడియం (పోషక ద్రవం) బొట్టులో, పైన పారఫిన్ నూనె కప్పి, 37 డిగ్రీల వద్ద, 5 శాతం కార్బన్ డయాక్సైడ్‌లో జరిపించవచ్చు. పాత రోజుల్లో చాలా జాతుల ఎలుకల పిండాలు రెండు కణాల దగ్గరే మొండికేసేవి. మీడియంలో లవణాల పాళ్లు సరిచేసి, ఈడీటీఏ అనే, లోహపు అయాన్లను పట్టి ఉంచే రసాయనం చేర్చాక ఆ ఇబ్బంది తీరింది. అలా పాత్రలో పెంచిన పిండాలను తిరిగి గర్భాశయంలో పెడితే మామూలు పిల్లలు పుడతాయని ఆన్ మెక్‌లారెన్, జాన్ బిగర్స్ 1958లో చూపించారు. అంటే పాత్రలో పెంచడం దానికదే పిండాన్ని పాడుచేయదు. ఆ నమ్మకం లేకపోతే ఉత్పరివర్తనాల గురించి ఏం మాట్లాడినా గాలిలో దీపమే.

ఈ దశలో తెలిసే విషయం ఏమిటంటే, పిండం ఎక్కడ ఆగింది అన్నది. పసుపు ఎలుకల కథ మీ పాఠ్యపుస్తకంలో ఉండే ఉంటుంది. పసుపు ఎలుకలను పసుపు ఎలుకలతో ఎన్నిసార్లు కలిపినా శుద్ధమైన పసుపు ఎలుక దొరకడం లేదని 1905లో ఫ్రెంచి శాస్త్రవేత్త క్యూనో గమనించారు. మూడు పసుపు పిల్లలకు ఒక వేరే రంగు పిల్ల రావలసిన చోట రెండుకు ఒకటే వస్తోందని 1910లో క్యాసిల్, లిటిల్ చూపించారు. రెండు వైపుల నుంచీ పసుపు జన్యువు వచ్చిన పిల్లలు అసలు పుట్టడమే లేదు. లెక్కలో కనబడని ఆ పావు భాగం ఎక్కడికి పోయింది? పిండాలను తీసి చూస్తే, గర్భాశయానికి అతుక్కునే వేళకే అవి ఆగిపోతున్నాయని తేలింది. పుట్టిన పిల్లలను ఎంత లెక్కపెట్టినా ఇది తెలియదు.

ఇక్కడ ఒక మోసం ఉంది, కొత్తవాళ్లందరూ పడతారు, నేనూ పడ్డాను. జన్యువును పూర్తిగా తీసేసినా పిండం ఒకటి రెండు రోజులు ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. కారణం, అండంలో తల్లి కట్టిచ్చిన సద్దిమూట. తల్లి తయారుచేసి పెట్టిన ఆర్‌ఎన్‌ఏ, ప్రోటీన్లు అందులో ఉంటాయి. ఎలుక పిండం సొంత జన్యువులు గట్టిగా మేలుకునేది రెండు కణాల దశలో. మనిషిలో నాలుగు నుంచి ఎనిమిది కణాల దశలో. అప్పటికీ పాత ప్రోటీన్ ఒక్కసారిగా మాయమైపోదు. కణాలను ఒకదానికొకటి అతికించే ఈ-క్యాడ్‌హెరిన్ జన్యువు లేని పిండాలు కూడా మొదట చక్కగా దగ్గరకు ముడుచుకుంటాయి. అది తల్లి ఇచ్చిన ప్రోటీన్ పుణ్యం. ఆ తరువాతే, బయటి పొర కట్టవలసిన వేళకు విడిపోతాయి. రెండో రోజున చూసి ‘ఈ జన్యువుకు పనేమీ లేదు’ అని రాసేస్తే తప్పు. సద్దిమూట ఖాళీ అయ్యేదాకా ఆగాలి. లేదా అండంలోంచే ఆ జన్యువును తీసివేసిన తల్లిని తయారుచేసుకోవాలి.

రెండో రకం పెంపకమే నా జీవితం. గర్భాశయానికి అతుక్కుని పెరుగుతున్న పిండాన్ని, సుమారు ఎనిమిదిన్నర రోజున తీసి, సొనసంచితో సహా సీసాలో పెంచడం. కేంబ్రిడ్జిలో డెనిస్ న్యూ పద్ధతిని స్థిరపరిచారు. సీసా ఇంక్యుబేటర్‌లో నెమ్మదిగా దొర్లుతూ ఉంటుంది, అందుకే రోలర్ బాటిల్ అంటారు. ఆహారం ఎలుక సీరం, అంటే రక్తంలోంచి కణాలు, గడ్డ తీసేశాక మిగిలే ద్రవం. పెద్ద ఎలుక, అంటే రాట్, నుంచి రక్తం తీసిన వెంటనే, గడ్డకట్టక ముందే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాలి. తరువాత 56 డిగ్రీల వద్ద అరగంట ఉంచాలి. ఆక్సిజన్ మొదట 5 శాతం, పిండం పెరిగేకొద్దీ 20, చివరికి 40. రెండు రోజుల్లో మీ కళ్ల ముందు నాడీనాళం (మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం) మూసుకుంటుంది, గుండె కొట్టుకుంటుంది, సొనసంచి మీద రక్తనాళాలు చెట్టు వేళ్లలా పాకుతాయి, చేతి మొగ్గ వస్తుంది. వందల పిండాలు పెంచాక కూడా, పొద్దున్నే సీసా ఎత్తి వెలుతురుకు పెట్టి గుండె కదలిక చూసేటప్పుడు నాకు ఊపిరి బిగబట్టే అలవాటు పోలేదు.

ఇక్కడ ఉత్పరివర్తనాలు నిజంగా మాట్లాడతాయి. పాక్స్3 జన్యువు చెడిన ‘స్ప్లాచ్’ ఎలుకల్లో నాడీనాళం మూసుకోదు. మన ఊళ్లలో వెన్నుపూస తెరుచుకుని పుట్టే బిడ్డల లోపం లాంటిదే. ఆ పిండాలను పాత్రలో పెంచి, ఫోలిక్ ఆమ్లం గానీ, డీఎన్‌ఏ కట్టడానికి పనికొచ్చే థైమిడిన్ గానీ కలిపితే లోపం తగ్గిందని 1998లో ఫ్లెమింగ్, కాప్ చూపించారు. ‘కర్లీ టెయిల్’ అనే మరో జాతికి ఫోలిక్ ఆమ్లం పనిచేయదు. దానికి ఇనోసిటాల్ అనే మరో పోషకం పనిచేసింది. చూడటానికి ఒకే లోపం, కారణాలు వేరు, మందులు వేరు. తల్లి ఎలుకకు మందు తినిపించి ఉంటే, పనిచేసింది తల్లి ఒంట్లోనా పిండంలోనా అన్నది తేలేది కాదు. పాత్రలో తల్లి లేదు. పెంపకం గొప్పతనమంతా ఈ వేరు చేయడంలోనే ఉంది.

బలహీనతా అక్కడే. పాత్రలో మావి కూడా లేదు. కడుపులోనే చనిపోయే జన్యులోపపు ఎలుకల్లో చాలావాటికి మావి లోపం కూడా ఉంటుంది. అలాంటి పిండం పాత్రలో మామూలుగా పెరిగిందనుకోండి, ‘అబ్బే, లోపమేమీ లేదు’ అనకూడదు. పిండంలో ఈ రెండు రోజుల వరకు లోపం లేదు, తప్పు మావిలో ఉండవచ్చు, అక్కడ వెతకండి అని మాత్రమే అనాలి.

నా సొంత తప్పులు కొన్ని చెబుతాను, పద్ధతుల పుస్తకాల్లో ఇవి దొరకవు.

ఒక వేసవిలో మా పిండాలన్నీ పొట్టిగా, సోమైట్లు (వీపు పొడవునా జతలుగా వచ్చే కణజాలపు ముద్దలు) తక్కువగా వచ్చాయి. లోపం ఉన్న పిండాలు పొట్టిగా ఉన్నాయని సంబరపడి గ్రాఫులు కూడా గీశాను. మా పెద్దాయన ఒక్క మాట అడిగారు: “వాటి తోబుట్టువులు ఎలా ఉన్నాయి?” చూస్తే అవీ పొట్టిగానే ఉన్నాయి. రక్తం తీసేటప్పుడు ఎర్రకణాలు పగిలి సీరం గులాబీ రంగుకు తిరిగింది, నేను పట్టించుకోలేదు. అప్పటి నుంచి నా నియమం ఇది: పోలిక ఎప్పుడూ అదే ఈతలో, అదే సీసాలో పెరిగిన తోబుట్టువులతోనే. పోయిన నెల పిండాలతో కాదు, పక్క ప్రయోగశాల లెక్కలతో అసలు కాదు.

మరోసారి బ్లాస్టోసిస్ట్‌లు రావడమే మానేశాయి. మీడియం మార్చాం, ఎలుకలు మార్చాం, మూడు వారాలు పోయాయి. చివరికి తెలిసింది, పక్క గదికి రంగులు వేయించారు. ఆ ఆవిర్లు ఇంక్యుబేటర్‌లోకి పోతున్నాయి. నూనె కూడా ఇలాగే ఏడిపిస్తుంది. ఎండలో ఉన్న సీసా నూనెలో పెరాక్సైడ్లు పుడతాయి, కంటికి తేడా కనబడదు, పిండానికి తెలుస్తుంది. కొత్త నూనె డబ్బా విప్పినప్పుడల్లా ముందు మామూలు పిండాల మీద పరీక్షించండి.

మూడోది సిగ్గుపడే సంగతి. ఏ పిండం ఏ రకమో ముందే తెలుసుకుని మార్కులు వేశాను. లోపం ఉన్నదానికి తెలియకుండానే అర మార్కు తగ్గించాను. తరువాత మా తోటి ఉద్యోగిని నంబర్లు మార్చి ఇస్తే అవే పిండాలకు వేరే మార్కులు వేశాను. ఇప్పుడు నేర్పేటప్పుడు ఇదే మొదట చెబుతాను: ముందు కొలవండి, రాయండి, సంతకం పెట్టండి, ఆ తరువాతే పీసీఆర్, అంటే ఏ పిండంలో ఏ జన్యువు ఉందో చెప్పే డీఎన్‌ఏ పరీక్ష. ఆ పీసీఆర్‌కు డీఎన్‌ఏ సొనసంచి ముక్క నుంచి తీస్తాం. దానికి తల్లి కణజాలం ఒక పోగు అంటుకుని ఉన్నా, రెండు చెడ్డ జన్యువులున్న పిండం ఒకటి మంచిదీ ఒకటి చెడ్డదీ ఉన్నట్టు అబద్ధం చెబుతుంది. మూడు మార్లు కడగండి.

సంఖ్యల సంగతి. తల్లీ తండ్రీ ఇద్దరిలో ఒక్కో చెడ్డ జన్యువు ఉంటే పావు వంతు పిండాలకే రెండూ వస్తాయి. ఈతకు ఎనిమిది పిండాలనుకుంటే సగటున రెండు. కానీ ఎనిమిదిలో ఒక్కటీ రాకపోయే అవకాశం దాదాపు పదో వంతు. ఇరవై లోపపు పిండాలు కావాలంటే సుమారు పది ఈతలు వేసుకోవాలి. జన్యువును కావలసిన చోట కత్తిరించే క్రిస్పర్ పద్ధతి వచ్చాక ఒంటికణ పిండంలోనే నేరుగా జన్యువును కత్తిరించి ఈ లెక్కను తప్పించుకోవచ్చు అంటారు. నిజమే, కానీ ఒక పిండంలోనే కొన్ని కణాలు తెగి, కొన్ని తెగకుండా మిగులుతాయి. చిత్తడి పొలంలో కొంత నాటి కొంత వదిలినట్టు. అలాంటి పిండాన్ని చూసి తీర్పు చెప్పడం నాకు ఇష్టం ఉండదు.

ఎన్ని రోజులు అన్నారు కాబట్టి, 2021లో ఇజ్రాయెల్‌లో జేకబ్ హన్నా బృందం ఎలుక పిండాలను ఐదున్నర రోజుల వయసు నుంచి పదకొండు రోజుల దాకా పాత్రల్లో నడిపించింది. దొర్లే సీసాలే, వాయువు ఒత్తిడిని కూడా అదుపులో పెట్టారు. అవయవాలు ఏర్పడే కాలమంతా ఒకే ఊపులో చూడవచ్చన్నమాట. అయినా మీ సికిల్ సెల్‌కు అదీ చాలదు.

మనిషి పిండం సంగతి వేరు. మన దేశంలో 2017 మార్గదర్శకాల ప్రకారం ప్రయోగశాలలో 14 రోజులు దాటి పెంచకూడదు. జన్యువు మార్చిన పిండాన్ని గర్భంలో పెట్టడం నిషిద్ధం. ఎలుకలో చూసింది మనిషిలో జరుగుతుందని కూడా అనుకోకండి. ఆక్ట్4 జన్యువు లేని ఎలుక పిండం బ్లాస్టోసిస్ట్ దాకా వస్తుంది, లోపలి కణాలే దారి తప్పుతాయి. 2017లో లండన్‌లో కాథీ నియాకన్ బృందం మనిషి పిండాల్లో అదే జన్యువును కత్తిరిస్తే చాలావరకు సరైన బ్లాస్టోసిస్టే రాలేదు.

మీ కుటుంబానికి పనికొచ్చే మాట ఒకటి. ఐవీఎఫ్ కేంద్రాల్లో ఐదో రోజు బ్లాస్టోసిస్ట్ బయటి పొర నుంచి నాలుగైదు కణాలు తీసి సికిల్ జన్యువు ఉందో లేదో చెప్పగలరు. అక్కడ చూసేది జబ్బును కాదు, అక్షరాన్ని. అక్షరం మొదటి రోజు నుంచీ ఉంటుంది, జబ్బు పుట్టాక వస్తుంది. ఈ తేడా పట్టుకుంటే మీ ప్రశ్న సగం తీరినట్టే. అయితే అంత దూరం వెళ్లక ముందు ఇంట్లో పెళ్లీడు పిల్లలకు రక్తపరీక్ష చేయించండి. ముఖ్యంగా మేనరికాలు చేసుకునే ఇళ్లలో. ఇద్దరూ ఒక్కో సికిల్ జన్యువు మోస్తున్నవారైతే ప్రతి కాన్పులోనూ పావు వంతు అపాయం. 2023లో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమంలో పరీక్షలు చేస్తున్నారు, మీ దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి.

ఇక కళాశాల. ఎలుకలకు జంతు నైతిక సంఘం అనుమతి, నమోదైన జంతుశాల కావాలి. అవి లేకుండా ఒక్క ఎలుకనూ ముట్టుకోకండి. ఎలుక పిండాలే చూడాలనుంటే అవి ఉన్న సంస్థలో వేసవి ప్రాజెక్టుకు దరఖాస్తు పెట్టుకోండి. ఈలోగా చెయ్యి కుదరడానికి కోడి పిండం చాలు. మీ శాఖాధిపతికి చెప్పి మొదలుపెట్టండి. దుకాణంలో ఫారం గుడ్లు కొనకండి, అక్కడ పుంజు ఉండదు, గుడ్లలో పిండం ఉండదు. వారపు సంతలో నాటుకోడి గుడ్లు అడగండి, పుంజు ఉన్న ఇంటివే. 38 డిగ్రీల దగ్గర, పక్కన నీళ్ల గిన్నె పెట్టి, సుమారు 33 గంటలు ఉంచితే గుండె కొట్టుకోవడం మొదలయ్యే దశ దొరుకుతుంది. గోరువెచ్చని ఉప్పునీటిలో గుడ్డు పగలగొట్టి, సొన మీది పొరను పిండం చుట్టూ కత్తెరతో కత్తిరించి ఎత్తాలి. సోమైట్లు లెక్కపెట్టండి, తల దగ్గర నాడీనాళం మూసుకుందో లేదో గీసుకోండి. మీ స్నేహితురాలు కూడా అవే పిండాలను మీ లెక్క చూడకుండా లెక్కపెట్టాలి. మొదటి డజనులో సగం చేతిలోనే చిరిగిపోతాయి. వాటి సంఖ్యనూ, గడియారం చూసి గుడ్డు పగలగొట్టిన సమయాన్నీ నోటుపుస్తకంలో రాసి ఉంచండి. పర్లాకిమిడి వైపు వచ్చినప్పుడు ఆ పుస్తకం తీసుకురండి, చూస్తాను.